గీత దాకా సాగనంపడం

అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో మా అమ్మాయి ఉండే అపార్ట్‌మెంట్ బిల్డింగ్ మొత్తంలో రెండే ఇళ్ళ ముందు చెప్పులుండేవి. ఒకటి మాది. రెండోది ఎదురింటి కొరియా దంపతులది. వాళ్ళూ మనలాగే గుమ్మం బయటే విప్పి లోపలికి వెళ్తారు. అంతవరకూ మర్యాదే. కానీ ఆ మొగుడి బూట్లకు అడుగున మేకుల్లాంటివి ఉండేవి. వాటి సందుల్లోంచి గడ్డీ మట్టీ నేను ఊడ్చిన వరండాలో రాలేవి. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు ఇంగ్లీషు రాదు. రాకపోతేనేం, చీపురు చూపించి తెలుగులోనే తిట్టాను. అతను నడుం దాకా వంగి దండం పెట్టి, నా చేతిలోంచి చీపురు తీసుకుని వరండా అంతా ఊడ్చేశాడు. తిడితే ఇంత లాభం నాకు మా అల్లుడి దగ్గర కూడా రాలేదు.

"అమ్మా, అతను సాకర్ ప్లేయర్. ఇక్కడి టీమ్‌లో డిఫెండర్. నువ్వేంటే అతనితో వరండా ఊడిపిస్తున్నావు?" అంది మా అమ్మాయి.

"డిఫెండరంటే?"

"అవతలివాళ్ళు గోల్ కొట్టకుండా అడ్డుపడతాడు."

"అడ్డుపడటానికి జీతమా? మీ మేనత్తకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు పాపం."

అతని భార్య నిండు మనిషి. ఆవిడకి కాస్త ఇంగ్లీషు వచ్చు. ఒకరోజు సీసాడు క్యాబేజీ పచ్చడి ఇచ్చింది. ఖాళీ సీసా తిరిగివ్వకూడదు కనక నేను నిమ్మకాయ ఊరగాయ పెట్టి ఇచ్చాను. ఆ సీసా అప్పట్నుంచి రెండిళ్ళ మధ్యా తిరుగుతూనే ఉండేది. ఆవిడ మొగుడు, ఆ కుర్రాడు, నన్ను హల్మొని అని పిలిచేవాడు. వాళ్ళ భాషలో అమ్మమ్మ అనిట. నాకప్పటికి ఒక్క పన్నే ఊడింది. అయినా ఊరుకున్నాను.

అతనే టికెట్లు ఇచ్చాడు కాబట్టి ఆట చూడ్డానికి వెళ్ళాను. డబ్బాలో పులిహోర కూడా పట్టుకెళ్ళాను, అక్కడ తిండి కొనేవాళ్ళకి బుద్ధి ఉండదు. ఆట మధ్యలో అవతలి జట్టువాడొకడు మనవాణ్ణి దాటి పరుగెత్తాడు. మనవాడు వెంటపడకుండా నిలబడిపోయి, చెయ్యి నిటారుగా పైకెత్తాడు. ఎవరూ పట్టించుకోలేదు. అవతలివాడు తాపీగా వెళ్ళి గోల్ కొట్టేశాడు. మా బళ్ళో కూడా చెయ్యెత్తేవాళ్ళం, బయటికి పోవాల్సొచ్చినప్పుడు. పంతులు పట్టించుకోకపోతే ఏమయ్యేదో ఇక్కడ రాయను.

ఇంటికొచ్చాక మా అమ్మాయి విడమరిచి చెప్పింది. ఈ ఆటలో ఆఫ్‌సైడని ఒక తప్పుంది. వడ్డన మొదలవకముందే వెళ్ళి విస్తరి ముందు కూర్చునేవాడి లాంటి తప్పు. బంతి రాకముందే మనవాళ్ళని దాటి గోల్ దగ్గర కాచుకోకూడదు. ప్రపంచమంతటా ఆ తప్పు మైదానం సగం దాటగానే లెక్కలోకి వస్తుంది. అమెరికా వాళ్ళు మాత్రం అప్పట్లో గోల్‌కి దగ్గరగా వేరే గీత గీసుకున్నారు. ఆ గీత దాటేదాకా ఎవడెక్కడ కాచుకున్నా తప్పు లేదు. ఈ కుర్రాడు చిన్నప్పట్నుంచీ సగం దగ్గరే ఆగి, అవతలివాడిది తప్పని చెయ్యెత్తి చూపడం అలవాటైనవాడు. ఇక్కడా అదే చేస్తున్నాడు.

"కోచ్ వార్నింగ్ ఇచ్చాట్టమ్మా. సీజన్ లాస్ట్ గేమ్‌లో కూడా ఇలాగే చేస్తే కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యరు. కాంట్రాక్ట్ లేకపోతే వీసా లేదు. ఆ అమ్మాయి డెలివరీ ఇక్కడనుకుంటోంది."

నెలలు నిండినావిడ్ని విమానం ఎక్కించడమేమిటని నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున్నే పురుగు పట్టిన బియ్యప్పిండి డబ్బా పట్టుకుని పార్కింగ్ లాట్‌లోకి దిగాను. పారెయ్యడానికి చేతులు రాక దాచిన పిండి అది. ఇటు చివర్నుంచి అటు చివరికి తిన్నగా ఒక గీత వేశాను. ఎవరో వదిలేసిపోయిన, సరుకులు వేసి తోసుకునే షాపు బండి ఒకటి అక్కడే పడుంది. అదీ దొరికింది. కుర్రాణ్ణి పిలిచి గీత ముందు నిలబెట్టాను. అవతలి జట్టువాణ్ణి నేనే. బండి తోసుకుంటూ అతని మీదికి వెళ్ళాను. వెనకనుంచి మా అమ్మాయి బంతి తన్నాలి. అతని భార్య మడత కుర్చీలో కూర్చుని, తప్పయితే జెండా బదులు గిన్నెల గుడ్డ ఎత్తాలి.

అతను మళ్ళీ గీతకి చాలా ముందే ఆగి చెయ్యెత్తాడు. బండి తీసుకెళ్ళి మోకాలి కింద ఒక్కటిచ్చాను.

"ఒరే అబ్బాయ్, చుట్టం వెళ్తానంటే ఏం చేస్తాం? కూడా నడుస్తాం. వీధి చివరిదాకా వెళ్తాం. అక్కడ ఆగి, వెళ్ళిరండి అంటాం. నట్టింట్లోనే చెయ్యూపితే పోతాడా వాడు? ఇంకో పూట తిని కూర్చుంటాడు. చెప్పవే, ఇంగ్లీషులో చెప్పు."

మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. అతని భార్య కొరియా భాషలో చెప్పింది. కుర్రాడు నవ్వాడు. ఈసారి బండి పక్కనే వెనక్కి వెనక్కి నడిచి, సరిగ్గా ముగ్గు మీద ఆగిపోయాడు. నేనూ బండీ అతన్ని దాటిపోయాక బంతి వచ్చింది. ఆవిడ గుడ్డెత్తింది. నేను వెనక్కి తిరిగి చేతులు జోడించి "వెళ్ళొస్తానండీ" అన్నాను.

అపార్ట్‌మెంట్ మేనేజరమ్మ వచ్చి ఈ తెల్లపొడి ఏమిటని అడిగింది. నేను గబగబా గీతకి అటూ ఇటూ పద్మాలు పెట్టేశాను. "ఫెస్టివల్" అంది మా అమ్మాయి. ఆవిడ బాగుందని మెచ్చుకుని వెళ్ళింది. మర్నాడూ ఫెస్టివలే. ఆ సీజన్ చివర్లో మాకు వచ్చినన్ని పండగలు ఏ పంచాంగంలోనూ లేవు. పిండి అయిపోయాక సుద్దముక్కతో గీశాను.

ఆఖరి ఆటకి మళ్ళీ పులిహోరే. చివర్లో అవతలి జట్టువాడు, పొడుగాటివాడు, మనవాడి వెనక్కి జారాడు. మనవాడి చెయ్యి సగం లేచింది. "నడువు నాయనా, సాగనంపు" అన్నాను. విన్నాడని చెప్పను, అంత జనంలో వినపడదు. చెయ్యి దించేశాడు. వాడి పక్కనే వెనక్కి నడిచాడు. గీత మీద ఆగాడు. పొడుగాటివాడు దాటిపోయాడు, బంతి వచ్చింది, జెండా లేచింది. గోల్ కొట్టినా లెక్కలోకి రాలేదు. మనవాడు ఆ పొడుగాటివాడికి వంగి చేతులు జోడించాడు. వాడు ఇంగ్లీషులో ఏదో అన్నాడు. మా అమ్మాయి దాన్ని తెలుగులో చెప్పనంది.

కాంట్రాక్టు ఇచ్చారు. ఆడపిల్ల ఇక్కడే పుట్టింది. బండి నేనే షాపుకి తోసుకెళ్ళి అప్పగించాను. కొన్నాళ్ళకి అమెరికా వాళ్ళు ఆ గీత చెరిపేసి, అందరిలాగే సగం నుంచే తప్పు పట్టడం మొదలెట్టారు. ఎంత రంగు దండగ. కుర్రాడు వచ్చి "హల్మొని, నో లైన్" అని దిగాలుగా నిలబడ్డాడు. "వీధి పొట్టిదైంది, అంతేగా. త్వరగా ఆగు," అన్నాను.

ఆ తర్వాత ఇక్కడి లీగే మూతపడింది. వాళ్ళ దేశంలో కొత్తగా లీగ్ పెట్టారని, అక్కడి జట్టు పిలిచిందని వెళ్ళిపోయారు. వెళ్ళేరోజు సీసాలో మాగాయ పెట్టి ఇచ్చి, పార్కింగ్ లాట్‌లో కారు పక్కన నడిచాను. గేటు దగ్గర ఆగాలనే అనుకున్నాను. కారు రోడ్డెక్కింది. ఎప్పుడు గేటు దాటానో నాకు తెలియలేదు, రోడ్డు మీదున్నాను.

కారు కిటికీలోంచి అతని చెయ్యి బయటికొచ్చింది. ఊపుతాడనుకున్నాను. ఊపలేదు. నిటారుగా పైకెత్తి, మలుపు తిరిగేదాకా అలాగే పట్టుకున్నాడు.