రామలింగప్ప వెదురు బద్దలు

రామలింగప్పకు కోపం వస్తే మగ్గం చప్పుడే మారిపోయేదని మాధవరంలో చెప్పుకునేవారు. పంతొమ్మిది వందల నలభై అయిదులో ఓటర్ల పట్టీ రాయడానికి తాలూకా గుమాస్తా శేషన్న ఊళ్లోకి వచ్చిన పొద్దు మాత్రం ఆ మగ్గం మోగనే లేదు.

యుద్ధం సాకుతో నూలంతా పెద్దల గోదాముల్లో దాగింది. ఇదేమని అడగాలంటే ఓటుండాలి. ఆస్తి లేనివాడికి ఓటు రావాలంటే చదవడం, రాయడం వచ్చునని రుజువు చూపాలి. రామలింగప్పకున్న ఆస్తి ఒక గుంటమగ్గం.

చదువు మాటెత్తితే అతని వీపు ఇప్పటికీ మండుతుంది. చిన్నప్పుడు విన్న పద్యం ఒక్కసారికే నోటికొచ్చేది. అదే పద్యం పలక మీద పెడితే అక్షరాలు చెదిరిన చీమలబారు అయ్యేవి. ‘మ’ చూసి ‘య’ అనేవాడు. అయ్యవారు చింతబరికె తీసేవాడు. బరికెతో చదువొచ్చేదైతే ఈ సీమలో చింతచెట్టుకొక పండితుడు ఉండాలి! తర్వాత పాదిర్ల మిషను బడిలో ఇంగ్లీషు. తెలుగక్షరం జారిపోయినా, చిక్కిందంటే ఎక్కడైనా ఒకే పలుకు పలుకుతుంది. ఇంగ్లీషక్షరం మాటకో గొంతు పెడుతుంది. తెలుగులో కుంటుతూ నడిచినవాడు ఇంగ్లీషులో బావిలోనే పడ్డాడు. ఇలాంటి పిల్లల గురించి విలాయతు వైద్యులు అప్పటికే రాసుకున్నారు: కన్ను మంచిదే, బుద్ధి మంచిదే, అక్షరమే నిలవదని. ఆ ముక్క అయ్యవారి బరికె దాకా రాలేదు.

ముప్పై ఏళ్లొచ్చాక దారి తనే కనుక్కున్నాడు. పడుగు పోగులు చిక్కుపడకుండా దూర్చే వెదురు బద్దలు రెండు తెచ్చి, పుట మీద పంక్తికి పైనొకటి, కిందొకటి పెట్టాడు. చుట్టుపక్కల అక్షరాల అల్లరి అణిగింది.

శేషన్న చదవమని ఇచ్చిన కాగితం మీదా అట్లే పెట్టాడు.

“ఏమప్పా, సదువుతాండావా, నేస్తాండావా?” అన్నాడు శేషన్న. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

“ముందు ఇను సామీ,” అని రామలింగప్ప మూడు పంక్తులు, మాట మాటా నమిలి, తప్పు లేకుండా చదివాడు.

“పుల్లలతో సదివేది ఒక సదువా? తీసేయ్.”

“నువ్వు కంటద్దాలు తీసి సదువు. నేను బద్దలు తీస్తా.”

ఈసారి నవ్వు అటు మళ్లింది. శేషన్న మొహం కందిపోయింది. ఇంగ్లీషులో ఏదో బరబరా గీకి, “ఈడ వేలిముద్ర ఎయ్,” అన్నాడు.

“ఏం రాసినావు?”

“ఇంగ్లీషులో ఉండాది. నీకెందుకు?”

“నా సంగతి రాసి నాకెందుకంటావా?”

“సదువూ రాతా రావని రాసినా. చాలునా?”

రామలింగప్ప కలం లాక్కున్నాడు. బద్దలు రెండూ ఆ కాగితం మీద ఆనించి, నడిమి సందులో తన పేరు ఒక్కో అక్షరమే రాశాడు.

“ఇప్పుడు పంపు పైకి. రాయడం రాదని పైన నువ్వు రాసినావు, కింద నేను రాసినా. ఎవురిది అబద్ధమో దొరలే సదువుకోనీ.”

శేషన్న ఆ కాగితాన్ని పంపలేక, పదిమందిలో చింపలేక మడిచి పక్కన పెట్టాడు. ఇంకో కాగితం తీశాడు.

“తెలుగులో రాయప్పా,” అన్నాడు రామలింగప్ప, బద్దలు చేతిలో సిద్ధంగా పట్టుకుని. “సదివి చూస్తా.”