నోరా ఇంటి గోడ మీది దొంగ

మొన్న బిర్యానీకని షాజీరా వేయిస్తుంటే ఆ వాసనకి నోరా గుర్తొచ్చింది. మనం బిర్యానీలో వేసేదాన్ని ఆ మహాతల్లి కిస్‌మిస్‌తో కలిపి తియ్య రొట్టెలో వేసేది. మేం అమెరికాలో, పిస్కాటవేలో ఉన్నప్పుడు ఆవిడ మా పక్కింట్లో ఉండేది. టీచరుగా రిటైరైన ఐరిష్ మనిషి. పేరుకు తగ్గట్టు నోరున్న మనిషి కూడా. అప్పట్లో నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. మధ్యాహ్నాలన్నీ ఆవిడ ఇంట్లోనే గడిచేవి.

మనం దేవుడి పటం పెట్టుకునే చోట ఆవిడ ఒక పాత కాగితం నకలును ఫ్రేము కట్టించి పెట్టుకుంది. అందులో ఓడ పేరు, మనిషి పేరు, శిక్ష. వాళ్ళ ముత్తాత మైకేల్‌ని ఇంగ్లీషు ప్రభుత్వం ఐర్లండు నుంచి ఆస్ట్రేలియాకు పంపేసిందట, యావజ్జీవం. ద్వీపాంతరం అనగానే మనకు తెలిసింది ఒక్కటే కదా, అండమానూ స్వాతంత్ర్యమూ. నేను ఊరుకోకుండా ఆ కాగితానికి చేతులు జోడించి, దేశం కోసం వెళ్ళిన మహానుభావుడన్నాను. నోరా టీ కప్పు కింద పెట్టి మరీ నవ్వింది. వేలు పెట్టి చదివించింది. బర్గ్లరీ! ఒకరింట్లో దూరి రెండు దుప్పట్లూ ఒక పంది తొడా ఎత్తుకెళ్ళాడట. భార్యాపిల్లలు అమెరికా వచ్చాక మూడు తరాలపాటు ఎవరూ ఆయన పేరెత్తలేదట. ఆవిడకు చీమ కుట్టినట్టయినా లేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఎందుకంటే మా నాన్న కూడా రెండేళ్ళు జైల్లో ఉన్నాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఊరు మారాక, రైతుల కోసం పోరాడి జైలుకు వెళ్ళాడని అమ్మ అందరికీ చెప్పింది. ఆ మాట మీదే నా పెళ్ళయింది. మా ఆయన పదిమందిలో గొప్పగా చెప్పుకునేవాడు కూడా. నిజానికి నాన్న ఒక రైసు మిల్లు గోడకు కన్నం వేసి రెండు బస్తాల బియ్యం ఎత్తుకొచ్చాడు.

మా అమ్మాయి సాహితి ఫిఫ్త్ గ్రేడ్‌లో ఉండగా కుటుంబ చరిత్ర రాసుకు రమ్మన్నారు. రైతుల కోసం జైలుకెళ్ళిన మా తాతయ్య ఫ్రీడమ్ ఫైటర్ అని రాసేసింది. సోమవారం క్లాసులో చదవాలి. శుక్రవారం నోరా ముందు చదివి చూపించింది. నేను తల దించుకోవడం నోరా కంట పడింది. పిల్ల ఆటకు వెళ్ళాక సంగతేమిటని నిలదీసింది. ఎవరికీ చెప్పనిది ఆవిడకు చెప్పేశాను. కన్నానికి ఇంగ్లీషు మాట తోచక గోడ మీద వేలితో గుండ్రంగా గీసి చూపించాను. ఓదారుస్తుందనుకున్నాను. ప్రశ్న వేసింది.

"ఆ బియ్యం ఎవరు తిన్నారు?"

"మేమే. నేనూ తమ్ముళ్ళూ. పోలీసులొచ్చేదాకా, వారం రోజులు."

"తిన్నది నువ్వు. దొంగ అనిపించుకున్నది ఆయన. ఇప్పుడు ఆయన్ని పక్కకు నెట్టి ఇంకొకణ్ణి నిలబెడితే, ఆ బియ్యం తెచ్చిన మనిషి ఏమైపోవాలి?"

నాకు ఒళ్ళు మండింది. మా పరువు సంగతి ఈవిడకేం తెలుసని, రొట్టె కూడా ముట్టకుండా లేచి వచ్చేశాను. రెండు రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆదివారం భోజనాల దగ్గర చెప్పేశాను. మా ఆయన కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. తరవాత రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఇన్నేళ్ళు దాచినందుకట. సాహితి మాత్రం కలుపుతున్న అన్నం ఆపి, "సో, తాతయ్య హంగ్రీగా ఉన్నాడా?" అంది.

"మేం ఉన్నాం, ఆకలితో" అన్నాను.

మళ్ళీ అడిగింది. "అమ్మా, తాతయ్య నేమ్ ఏంటి?"

పదేళ్ళ పిల్లకు తాత పేరు తెలియదు. లేని వీరుణ్ణి నిలబెట్టే తొందరలో, ఉన్న మనిషి పేరే నేను చెప్పలేదు. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే చెప్పాను, అది రాసుకుంది.

సోమవారం సాహితి క్లాసులో చదివి వచ్చాక నోరాయే మా ఇంటికి వచ్చింది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను. పేరు స్పెల్లింగ్ తప్పు లేకుండా రాసిందా అని అడిగింది, అంతే.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. మీ నాన్నగారేం చేసేవారని ఎవరైనా అడిగితే నాకిప్పటికీ అమ్మ చెప్పిన మాటే ముందు నోటికొస్తుంది. అయినా నిజమే చెబుతాను. మా నాన్న పేరు సుబ్బారాయుడు. మిల్లుకు కన్నం వేశాడు. ఆ అన్నం నేను తిన్నాను.