కొళాయికి మోసిన నీళ్లు

నా చిన్నప్పుడు, తలుపుల అనే ఊరి దగ్గరున్న మా పల్లెకు కొళాయి వచ్చిన రోజు గురించి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఈమధ్య మనవరాలి వల్ల అది మళ్లీ గుర్తుకొచ్చి మనసు కుదురుగా ఉండటం లేదు.

అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. వీధి చివర బోరు వేసి, పక్కనే నిలువెత్తు సిమెంటు తొట్టి కట్టి, దానికి రెండు కొళాయిలు బిగించారు. ప్రారంభానికి పెద్ద అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. తీరా చూస్తే ఆయన వచ్చేలోపే బోరు ఎండిపోయింది. ఊరి పరువు పోతుందని ఊరిపెద్ద ఒక ఉపాయం చెప్పాడు. ఆ రోజు తెల్లవారగానే ఆడవాళ్లంతా దూరంగా ఉన్న చేనుబావి నుంచి బిందెలతో నీళ్లు మోసి తొట్టి నింపారు. మా అవ్వ కూడా మోసింది. నేను చిన్న చెంబుతో రెండుసార్లు తిరిగాను. ఊరి కోసం ఏదో గొప్ప పని చేస్తున్నామని నాకు ఒకటే సంబరం.

అధికారి వచ్చి కొళాయి తిప్పాడు. నీళ్లు ధారగా పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆయన సంతోషంగా జీపు వైపు కదిలేసరికి మా అవ్వ నన్ను వెంటబెట్టుకుని పోయి, నా భుజం మీద చెయ్యి వేసి ఎదురుగా నిలబడింది.

“అయ్యా, బోరు వేయించినారు, సంతోషం. ఈ నీళ్లు మాత్రం బోరువి గావు. పొద్దున మేమే మోసి పోసినాము.”

మా నాయన తల వంచుకున్నాడు. ఊరిపెద్ద మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. అధికారి వెనక్కి నడిచి మోటారు వేయించి చూశాడు. చుక్క రాలేదు. జీపెక్కి వెళ్లిపోయాడు.

ఆ వేసవి దాటాక వానాకాలం పారే వంక పక్కన ఇంకో బోరు వేశారు, నీళ్లు పడ్డాయి. కానీ ఊరిపెద్ద ఇంట్లో పెళ్లికి మాకు పిలుపు రాలేదు. నాయన చాలా రోజులు అవ్వతో ముభావంగా ఉన్నాడు. ఎందుకు చెప్పావని ఒకరోజు నేనే ఏడుస్తూ అడిగాను.

“ఊరు మనది గాబట్టి చెప్పినా. పరాయి ఊరైతే నాకెందుకని గమ్మునుందును” అంది.

ఇప్పుడు ధర్మవరంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మన దేశం పంపిన యంత్రం చంద్రుడి మీద దిగిన సాయంత్రం టీవీ ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నదాన్ని నేను. నంబులపూలకుంట వైపు బస్సులో పోతూ, జొన్న కూడా పండని నేలలో ఎండను కరెంటు చేసే పలకలు బారులు తీరి ఉండటం చూస్తే మనసు పొంగుతుంది. ఇంటికొస్తే మా వీధిలో మగ్గం చప్పుడు లేదు. మర మీద నేసిన చీరను చేనేత అని చవగ్గా అమ్ముతుంటే తట్టుకోలేక నా కొడుకు మగ్గం దిగి ఆటో నడుపుతున్నాడు. డిగ్రీ చదివిన పిల్లలు పని వెతుక్కుంటూ బెంగళూరు రైలెక్కుతున్నారు. అయినా వీటికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. ఈ మాటలు అంటే దేశం మీద ప్రేమ లేదంటారేమోనని, టీకొట్టు దగ్గర కూడా మనుషులు అటూ ఇటూ చూసి గొంతు తగ్గిస్తున్నారు.

రేపు జెండా పండగకు మనవరాలు బడిలో ప్రసంగం చదవాలి. చంద్రుడి మీదికి వెళ్లడం గురించి ముచ్చటగా రాసింది. ఆ కిందే వాళ్ల నాయన మగ్గం ఎందుకు ఆగిపోయిందో కూడా రాసింది. అది చూసి నా కొడుకు, “ఇదంతా ఆడ చదవాల్నామ్మా? కొట్టేయి” అన్నాడు. పాప నా వైపు చూసింది. ఈ వయసులో నాకెందుకని ఒక పూటంతా ఊరుకున్నాను. చివరికి “ఉండనీ” అన్నాను. అన్నానే గానీ, బిడ్డను ఎవరేమంటారోనని అన్నం సయించడం లేదు.

మా అవ్వకు భయమనేదే తెలియదని ఊరంతా అనుకునేది. ఆ రోజు నా భుజం మీద ఉన్న ఆమె చెయ్యి ఎంతగా వణికిందో నాకొక్కదానికే తెలుసు.