దబ్బనం బెజ్జాలు

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి వేసవిలో విజయనగరం వైపు ఓ జూట్ మిల్లులో నేను సేఫ్టీ సూపర్‌వైజర్ని. నార బేళ్లు విప్పే షెడ్డులో దుమ్ము విపరీతం. కంపెనీవాళ్లు ఫిల్టరున్న రబ్బరు మాస్కులు తెప్పించారు. మాస్కు లేనివాణ్ణి షెడ్డులోకి రానివ్వొద్దన్న హుకుం మాత్రం నాదే. కొత్త ఉద్యోగం, కుర్రతనం, కళ్లు నెత్తికెక్కి ఉన్నాయి.

ఆ షెడ్డులోనే మా అమ్మ తమ్ముడు నార కట్టలు భుజానికెత్తి మిషన్ దగ్గరికి మోసేవాడు. యాభై దాటాయి. పొద్దున్న లేస్తే అరగంట దగ్గు. ఆయన కోసమే నేనంత పట్టుబట్టాను. మొదటి వారం అందరి పనీ మందగించింది, నేను తిట్లు తిన్నాను. రెండో వారానికి మావ మళ్లీ మునుపటి వేగం అందుకున్నాడు. అలవాటైపోయిందని పొంగిపోయి, మిగతావాళ్లకి ఆయన్నే చూపించి క్లాసు పీకాను.

ఓ మధ్యాహ్నం ఆయన అన్నం తింటుంటే, మాస్కు కడిగి ఇద్దామని తీసుకున్నాను. నీళ్లు పోస్తే గడ్డం దగ్గర కారిపోతున్నాయి. చూస్తే వరసగా ఆరు బెజ్జాలు. గోనెలు కుట్టే దబ్బనంతో పొడిచినవి.

నాకు ఒళ్లు మండింది. "ఇదేటి మావా! దుమ్మంతా లోపలికే పోతాది కదా!"

"ఒరే అల్లుడా, నువ్వు నిలబడి సూస్తావు, నీకు గాలి సరిపోతాది. అదెట్టుకుని ఓ నాలుగు కట్టలు మోసి రా. అప్పుడు తిట్టుదువు గాని" అన్నాడాయన, ముద్ద మింగి.

పంతానికి నా కొత్త మాస్కు పెట్టుకుని మోశాను. రెండు కట్టల వరకు బాగానే ఉంది. మూడోదానికి ఒక్కో ఊపిరీ బలం పెట్టి లాగాల్సి వచ్చింది. చెమటకి ఫిల్టరు తడిసి గాలి ఇంకా తగ్గిపోయింది. నాలుగోది దారిలోనే పడేసి, మాస్కు పీకేసి, గోడ పట్టుకుని రొప్పాను. మావ నవ్వలేదు. నాకు సిగ్గేసింది.

మేనేజరు దగ్గరికి వెళ్లి, మాస్కుతో మోయాలంటే గంటకోసారి కూర్చోనివ్వాలి, లేదా కట్టలు తగ్గించాలి అన్నాను.

"మొయ్యలేనివాడెవడో పేరు చెప్పు, ఇంటికి పంపేద్దాం" అన్నాడు.

మావ ఇద్దరు పిల్లలూ ఇంకా చదువుకుంటున్నారు. నేను పేరు చెప్పలేదు.

తిరిగొచ్చి ఆ బెజ్జాల మాస్కే ఆయన చేతికిచ్చాను. బీరువాలో కొత్తవి బోలెడున్నాయి. కానీ కొత్తది పెట్టుకుంటే వెనకబడతాడు, వెనకబడితే మేనేజరు కంట్లో పడతాడు. ఆయన తగిలించుకుని షెడ్డులోకి వెళ్లాడు. ఆ తర్వాత ఆ దగ్గు వినపడితే నేను పక్క షెడ్డుకి వెళ్లిపోయేవాణ్ణి.