డైనోసార్ కాలికి పిండికట్టు

మా అన్నయ్య రైల్వేలో గూడ్సు బండి గార్డు. డ్యూటీ మీద ఏ ఊరు వెళ్ళినా ఖాళీ చేతులతో తిరిగి రావడం తెలియని మనిషి. ఒకసారి పనసకాయ, ఒకసారి సన్నికల్లు, ఒకసారి ఎవరో అమ్ముతుంటే జాలిపడి కొన్న పావురాల జత. డెబ్బయ్యో దశకం చివర్లో ఒక వేసవి ఉదయం గోనెసంచి భుజాన వేసుకొచ్చి, హిందీ మాట్లాడే ఊళ్ళో, బిర్సానగర్ అనే పేటలోని మా రెండు గదుల ఇంట్లో నడిమధ్య దించి, ఇందులో డైనోసార్ ఉందని చెప్పాడు.

విప్పితే తన పాత యూనిఫారం ప్యాంటులో చుట్టిన ఎముక. మోకాలి దగ్గర తొడ ఎముక లావెక్కినట్టే ఒక కొస లావెక్కి ఉంది. రెండో కొస విరిగిపోయింది. మిగిలిన ముక్కే నా చేతికంటే పొడుగు. జబల్‌పూర్ అవతల లైను పక్కన మట్టికోసం గుట్ట తవ్వుతుంటే బయటపడిందట. కూలీలు గడ్డపారతో చితక్కొడుతుంటే అన్నయ్య అడ్డుపడి అడిగి తెచ్చుకున్నాడు. అక్కడి స్టేషన్ మాస్టరు చూసి, ఆ చుట్టుపక్కల ఇలాంటివి ముందు కూడా దొరికాయని, కోట్ల ఏళ్ళ నాటి డైనోసార్ ఎముకలు ఇలా రాయైపోయాయని చెప్పాడట.

నేను ఆస్పత్రిలో ఎముకల వార్డు నర్సుని. తొడ ఎముకలు నాకు కొత్త కాదు. అయినా అంత పెద్ద కాలిని ఊహించుకునేసరికి ఒళ్ళు ఝల్లుమంది. అన్నయ్యకి తేవడమే సరదా, తెచ్చినదాన్ని చూసుకోవడం ఎప్పుడూ ఇంకొకరి పని. దాన్ని నేను చూసుకుంటానని ఆ క్షణమే అనుకున్నాను.

అమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఇంట్లోకి ఎముక తెచ్చీసినావేట్రా?" అంది.

ఎముక కాదు, రాయి అని ఇద్దరం చెప్పాం. రాయైతే ఎముకలా ఎందుకుందని అడిగింది. అమ్మ పద్ధతి సూటిగా ఉండేది. ప్రాణం పోయిన మనిషిదైనా జంతువుదైనా, ఇంటి గడప దాటి వచ్చిన ఎముక ఏటికి చేరాల్సిందే. నాన్న అస్థికల్ని స్వర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే దోముహానిలో దగ్గరుండి కలిపించింది. ఇదీ అక్కడికే పోవాలని, ఆదివారం పంతులుగారిని పిలుస్తానని తేల్చేసింది. అన్నయ్య సరే సరే అని తలూపి, భోంచేసి, డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ అంతే, గొడవ ఇంట్లో పెట్టి తను రైలెక్కేస్తాడు.

మర్నాడు నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి కొంప మునిగింది. ఆదివారం దాకా ఇంటికి మైల అంటకూడదని అమ్మ దానిమీద బిందెడు పసుపునీళ్ళు గుమ్మరించింది. ఆ రాయి నిండా పగుళ్ళు, పగుళ్ళ నిండా బంకమట్టి. ఇన్నాళ్ళూ దాన్ని ఒకటిగా పట్టి ఉంచింది ఆ మట్టే. అది నీళ్ళు తాగి, ఉబ్బి, జారిపోయింది. తొడ ఎముక మూడు ముక్కలై, పెచ్చులు ఊడి, పసుపు బురదలో పడి ఉంది.

నాకు కోపం వస్తే నోటికి అడ్డుండదు. ఆ సాయంత్రం నేను అమ్మని ఏమన్నానో వీధి వీధంతా విన్నది. అమ్మ కూడా ఏమీ తగ్గలేదు. ఇద్దరం అలిసిపోయాక ఒక ఒప్పందానికి వచ్చాం. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే బెంగాలీ మేడం ఒకావిడ అంతకు ముందు చెయ్యి విరిగి మా వార్డుకి వచ్చింది. దీన్ని అతికించి ఆవిడ దగ్గరికి తీసుకెళ్తాను. ఆవిడ రాయేనని చెప్పి, అప్పటికి ఇది ఒకటిగా నిలిస్తే అక్కడే ఉంటుంది. పొడైపోతే ఆ పొడి అక్కడినుంచి తిన్నగా దోముహానికి పోతుంది. అమ్మ వెంట వచ్చి తన కళ్ళతో చూస్తుంది.

ముందుగా వెళ్ళి అడిగితే మేడం విని పెదవి విరిచింది. నీళ్ళలో నానిందంటే చివరికి పొడే మిగులుతుంది, ఆశ పెట్టుకోవద్దంది. అయినా పద్ధతి చెప్పింది. ఎండలో పెట్టకుండా నీడన ఆరనివ్వాలి. లక్కని స్పిరిట్‌లో పల్చగా కరిగించి తాగించాలి. ఆ తర్వాత మనిషి కాలికి వేసినట్టే ప్లాస్టర్ వెయ్యాలి. ఆ చివరి మాట వినగానే నా భయం సగం వదిలింది. మా వార్డులో డాక్టరు ఎముక సరిచేసి వెళ్ళిపోతే పిండికట్టు చుట్టేది నేనే. అది నా చేతి పని.

సాక్చి బజారులో చెక్క సామానుకి పాలిష్ పెట్టేవాళ్ళ దగ్గర లక్క పెచ్చులు, విగ్రహాలు పోసేవాళ్ళ దగ్గర ప్లాస్టర్ పిండి తెచ్చాను. రోజూ ఇంటికి రాగానే అదే పని. మెత్తని కుంచెతో మట్టి దులపడం, లక్కనీరు బొట్టుబొట్టుగా పగుళ్ళలోకి వదలడం. ఒక పూత పీల్చుకుని ఆరాకే ఇంకో పూత. తొందరపడితే పైపైన మెరుస్తుందే గాని లోపల గుల్లగానే ఉండిపోతుంది. ఊడిన పెచ్చుల్ని ఒక్కొక్కటే దాని చోటు వెతికి అంటించాను. ఇల్లంతా స్పిరిట్ వాసన. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో అటు తిరిగి కూర్చునేది. కొన్నాళ్ళకి ఇటు తిరిగింది. ఒకనాడు నేను పెచ్చు ఒకటి పట్టుకుని తికమకపడుతుంటే, అది అక్కడిది కాదు, పక్కదంది. నిజమే, పక్కదే.

కట్టు వేసే రోజు వచ్చింది. పిండి ఎముకకి అంటుకోకుండా ముందు తడి కాగితం పరిచాను. చింపిన గోనెపట్టీలు పిండిలో ముంచి చుట్టడం మొదలుపెట్టాక తెలిసింది, మూడు ముక్కలూ కదలకుండా పట్టుకోవడానికి నాకు ఇంకో రెండు చేతులు కావాలి. పిండి ఆగదు, గట్టిపడిపోతుంది. వార్డులో ఆయాలని కేకేసినట్టే, పట్టుకో అని కేకేశాను. అమ్మ లేచి వచ్చి పట్టుకుంది. ముట్టుకోవచ్చా లేదా అని ఆలోచించుకునే సమయం నేను ఇవ్వలేదు, తను తీసుకోలేదు.

కాసేపటికి పిండి బిగుసుకుంటూ వేడెక్కింది. అమ్మ నా మొహం వంక చూసింది.

"ఏటే ఇది, ఒంట్లో పేణమున్నట్టు ఎచ్చబడతన్నాది?"

పిండికట్టు ఎవరికి వేసినా అలాగే వెచ్చబడుతుందని చెప్పాను. అది చల్లారేదాకా అమ్మ చేతులు తియ్యలేదు.

కాలేజీకి రిక్షాలో వెళ్ళాం. కట్టు మా ఇద్దరి ఒళ్ళో అడ్డంగా ఉంది. ఏటికి పోవాల్సివస్తే ఉంటాయని అమ్మ పసుపూ కుంకుమా పొట్లం కట్టి తెచ్చుకుంది. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది గాని, మాట మాటే కదా అని ఊరుకున్నాను.

మేడం గదిలో బల్లమీద పెట్టాం. కట్టు నేనే కోస్తానన్నాను. ఇంకొకరి చేతికిస్తే నాకు ఊపిరాడదు. పక్కల వెంబడి కోసుకుంటూ పోయి, పైసగం మూతలా ఎత్తాను. కాగితం ఎండి అట్టకట్టి ఉంది. దాన్ని కొస నుంచి కొద్దికొద్దిగా ఒలిచాను. ఎన్ని కాళ్ళకి కట్లు విప్పాను, ఎన్నడూ ఇంత నెమ్మదిగా విప్పలేదు. చివరి కాగితం వచ్చేసింది. ఎముక ఒకటిగా ఉంది. మేడం గోటితో కొట్టింది, ఖంగుమంది. మెల్లగా ఎత్తి బోర్లా తిప్పింది. బల్లమీద పొడి కూడా రాలలేదు.

గెలిచాను. గట్టిగా అరవాలనిపించింది, మేడం ముందు బాగుండదని ఆగాను.

మేడం చాలాసేపు చూసి, ఆకులూ కొమ్మలూ తిని బతికిన పెద్ద డైనోసార్ తొడ ఎముక, పూర్తిగా రాయైపోయిందని అమ్మకి నిదానంగా హిందీలో చెప్పింది. అమ్మ తనూ ఒకసారి గోటితో కొట్టి చూసి తలూపింది. కాలేజీ అద్దాల బీరువాలో పెడతానని, దీనితోపాటు ఉంచే కార్డుమీద తెచ్చిన మనిషి పేరు రాయాలి, ఆ పేరేమిటని మేడం అడిగింది. నేను అన్నయ్య పేరు చెప్పబోతున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. అమ్మది బజారు హిందీ, కూరల బేరం దాటితే తెలుగే.

"మోసుకొచ్చినోడు మావోడేనమ్మా. కానీ నాను సంపీసినదాన్ని బతికించింది ఈ గుంట. దీని పేరు రాయండి."

మేడంకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నావైపు చూసింది. దాన్ని హిందీలో చెప్పాల్సింది నేనే. నా గురించి నేనెలా చెప్పుకుంటానని నసుగుతుంటే, అమ్మ వెనకనుంచి వేలితో నా వీపు పొడిచింది. చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా.