తిట్టు పడితేనే తిరిగే ఐదుగురు

హల్దియాపదర్‌లో మా గురుమా తన ఇంటి మేడమీద ఒడిస్సీ నేర్పుతారు. తాళం ఒడియాలో చెబుతారు, తిట్లు తెలుగులో తిడతారు. పదేళ్లు ఆవిడ దగ్గర నేర్చుకుని, ఇప్పుడు ఆదివారాలు చిన్నపిల్లల క్లాసులో సాయం చేస్తున్నాను. సాయమంటే గజ్జెలు కట్టడం, పాట పెట్టడం, అంతే. నాకు గొంతు పెగలదు. ఆ రోజు విన్న తిట్లను ఇంటికెళ్లి డైరీలో రాసుకుంటాను. బాగున్నవాటికి పక్కన చుక్క పెడతాను. "మోకాళ్లు వంచవే, నీకు కుర్చీ ఎయ్యాలేటి?" అన్నదానికి రెండు చుక్కలు.

కిందటేడు పొలసర నుంచి ఒక ఎనిమిదేళ్ల పిల్ల చేరింది. అమ్మమ్మతో బస్సులో వచ్చేది. అడుగు చక్కగా వేసేది గానీ, గురుమా కేక వేశారంటే కాళ్లు బిగుసుకుపోయి అక్కడే నిలబడిపోయేది. పూజ పందిట్లో ప్రదర్శన నెల రోజులుందనగా గురుమా ఆ అమ్మమ్మను పిలిచారు.

"పెద్దమ్మా, అరవకండా నేర్పడం నావల్ల కాదు. ఇంక పిల్లని తీసుకురావద్దు."

పిల్ల గజ్జెలు విప్పుకోవడం మొదలుపెట్టింది. ఆ ముడులు పొద్దున నేను వేసినవే. ఉండబట్టలేక, "నేను నేర్పుతాను గురుమా, అరవకుండా," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "నీకు నోరుంటే కదేటి అరవడానికి! సరే, నేర్పు. పందిట్లో ఒక్క అడుగు తప్పినా పిల్లని పంపించేస్తాను. ఆనక నా దగ్గరకొచ్చి ఏడవకు."

నెల రోజులు నీళ్ల ట్యాంకు పక్కన, గుసగుసగా లెక్కపెడుతూ నేర్పాను. పిల్ల నవ్వుతూ నేర్చుకుంది.

ప్రదర్శన రోజు సాయంత్రం వేదిక మీద ఆరుగురు. పాట స్పీకర్లలో వస్తోంది. గురుమా పెద్దమనుషులతో ముందు వరసలో కూర్చున్నారు. నేను తెర పక్కన నిలబడ్డాను. పాట సగానికొచ్చేసరికి అందరూ వెనక్కి తిరగాలి. మా పిల్ల తిరిగింది. మిగతా ఐదుగురూ తిరగలేదు. చేతులు పైకెత్తి, ముద్దుగా నవ్వుతూ, దేనికోసమో ఎదురు చూస్తున్నారు.

అప్పుడర్థమైంది నాకు. ఏడాదిగా సరిగ్గా అక్కడే గురుమా ఒక కేక వేస్తారు. పిల్లలు దాన్ని కూడా పాటలో భాగమే అనుకున్నారు. ఈ పాటలో తిట్టు లేదు.

"సివరి పిల్ల తప్పేసినాది, పాపం," అన్నారు పందిట్లో ఎవరో. ఐదుగురు ఒకవైపు, ఒక్కతి ఒకవైపు ఉంటే తప్పు ఎవరిదనుకుంటారు? గురుమా కనుబొమలు పైకి లేచాయి. పిల్ల నావైపు చూసింది.

"తిరగండే! మేకులేసి కొట్టినారేటి మిమ్మల్ని!"

అలా అరిచింది నేనే. ఐదుగురూ బొంగరాల్లా తిరిగారు. పందిరంతా గొల్లున నవ్వింది. అందరూ గురుమా వైపు చూశారు. పాపం, ఆవిడ జన్మలో మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్నారు.

ఆట అయ్యాక ఆవిడ తెర వెనక్కి వచ్చారు. నేను నేల చూపులు చూస్తున్నాను. ఆవిడ ముందు అమ్మమ్మ దగ్గరకెళ్లారు. "పెద్దమ్మా, ఆదివారం పిల్లని తీసుకురా. ముందు వరసలో నిలబెడతాను." తర్వాత నావైపు తిరిగారు. "మిగతా ఐదుగురూ నీకే. నోరొచ్చినాది కదా, తిప్పుకో."

ఆదివారం మెల్లగా లెక్కపెట్టాను. ఆ చోటు వచ్చింది. ముందున్న పిల్ల తిరిగింది. ఐదుగురూ ఆగారు. ఈసారి నేను అరవదలచుకోలేదు. నేను వాళ్లకోసం, వాళ్లు నాకోసం చూస్తూ ఉండిపోయాం. చివరికి అందులో పెద్దపిల్ల, ముఖంలో నవ్వు చెదరకుండా, "అక్కా, తిట్టవేటి?" అంది.

నేను నోరు తెరిచేలోపే, పొలసర పిల్ల నడుం మీద చెయ్యేసుకుని వాళ్లకేసి తిరిగింది.

"తిరగండే!"

ఐదుగురూ తిరిగారు. లోపలి గదిలోంచి గురుమా, "ఎవుర్తే ఆ కేకేసింది?" అన్నారు.

"నేనే గురుమా," అన్నాను.