చూశారా, అనుకున్నారా?

మెకానిక్ బావకి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరి మాటా నమ్మడు. ఎవరేం చెప్పినా, "చూశావా, అనుకున్నావా?" అని అడగందే ఆయనకి పూట గడవదు. వర్క్‌షాపుకి వచ్చేవాళ్ళందరికీ ఆయన మెకానిక్. పక్కనే స్పేర్‌పార్టుల కొట్టు పెట్టుకున్న బావమరిదికి మాత్రం బావ. కళ్ళారా చూడందే కొత్త పార్టు వెయ్యని ఈ బావ పుణ్యమా అని ఆ కొట్లో డబ్బాలు అటక దిగకుండా దుమ్ము కొట్టుకుపోతున్నాయి.

"వానొచ్చేలా ఉంది, ఆరేసిన బట్టలు తీయండి" అని భార్య అంటే, బావ పెరట్లోకెళ్ళి ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి బట్టలతో సహా తడిసి లోపలికొచ్చి, "ఇప్పుడు చూశాను. వానే" అన్నాడు. బీపీ ఎక్కువుందన్న డాక్టరుగారి చేత మళ్ళీ మళ్ళీ కొలిపించాడు. మూడోసారికి బీపీ పెరిగింది డాక్టరుగారికేనని బావమరిది ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

అలాంటి బావ ముందుకి ఒక సోమవారం ఉదయం లెక్కల మాస్టారి పాత కారు తాడు కట్టించుకుని వచ్చింది. అందులోంచి మాస్టారూ, ఆయన కోడలూ దిగారు. రిటైరైన మాస్టారికి ఆ కారంటే ప్రాణం. ఎంత పెట్రోలుకి ఎంత దూరం తిరిగిందో గళ్ళ కాగితం మీద గ్రాఫు గీసి, చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతారు.

"ఇంజను తిరుగుతోందయ్యా, అంటుకోవడం లేదు. శనివారమంతా కూర్చుని నేనే ఒక్కో భాగం విప్పి తుడిచిపెట్టాను. ఆదివారం మా కోడలు బానెట్ ఎత్తి నీళ్ళు కొట్టింది. ఇవాళ బండి కదల్లేదు. ఇంక వేరే రుజువెందుకు?" అని కోడలి వైపు తిరిగారు. "ఇకమీదట నువ్వీ కారు ముట్టుకోకమ్మా."

కోడలు తల దించుకుంది. పెళ్ళయి వచ్చిన ఆరు నెలల్లో ఆ ఇంట్లో ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్కటే, ఆ కారు నడపడం. మావగారే పక్కన కూర్చుని నేర్పుతున్నారు కూడా. ఇప్పుడదీ పోయింది.

"నీళ్ళు దిగాయంటే కాయిల్ పోయినట్టే. కొత్తది తెస్తానుండు బావా" అని బావమరిది హుషారుగా బయల్దేరాడు.

"చూశావా, అనుకున్నావా?"

బావమరిది ఉసూరుమంటూ వెనక్కొచ్చాడు.

"మాస్టారూ, నీళ్ళు లోపలికి దిగడం మీరు చూశారా, అనుకున్నారా?"

జీవితమంతా పిల్లల్ని రుజువులడిగిన మాస్టారికి "అనుకున్నాను" అనక తప్పలేదు.

బావ ఒక ప్లగ్ ఊడదీసి, తీగ తగిలించి, ఇంజను మీద ఆనించి పెట్టాడు. "అమ్మాయ్, తాళం తిప్పు" అన్నాడు. ముగ్గురు మగవాళ్ళూ వంగి చూశారు. ఇంజను గిరగిరా తిరిగింది గానీ ప్లగ్ కొన దగ్గర నిప్పురవ్వ రాలేదు. బల్బు కట్టిన తీగ తెచ్చి, ప్లగ్గులకి కరెంటు పంపే కాయిల్‌కి ఆనిస్తే బల్బు వెలిగింది.

"కరెంటు ఇక్కడిదాకా వస్తోంది" అంటూ, ఆ కరెంటుని ఒక్కో ప్లగ్గుకీ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. "లోపల వేలు పెట్టి చూడండి మాస్టారూ."

మాస్టారి వేలికి పొడి దుమ్ము అంటింది.

"చుక్క తడి లేదు. ఇది మాత్రం చూసిందే. అమ్మాయి తప్పేం లేదు."

కోడలు బానెట్ దగ్గరికి పరుగున వచ్చింది. "మరి నిప్పు ఎక్కడ ఆగిందండీ?"

ఆ ప్రశ్నకి బావ మొహం వెలిగిపోయింది. "ఈ మూత కింద రెండు చిన్న పాయింట్లుంటాయమ్మా. కలుస్తూ విడిపోతూ ఉండాలి. విడిపోయినప్పుడల్లా ఒక నిప్పురవ్వ పుడుతుంది." బల్బు తీగని కాయిల్ రెండో వైపు ఆనించి తాళం తిప్పించాడు. "చూశావా? ఆరుతూ వెలుగుతూ ఉండాల్సింది, ఆరడమే లేదు. అంటే పాయింట్లు కలవడం లేదు."

టార్చి వేసి, పట్టకారుతో మెల్లిగా లాగాడు. గోరంత కాగితం ముక్క ఊడి వచ్చింది. దాని మీద నీలం గళ్ళున్నాయి.

భుజం మీంచి తొంగిచూస్తున్న బావమరిది చూపు తిన్నగా మాస్టారి చొక్కా జేబు మీద పడింది. పాయింట్లు తుడవడానికి దూర్చిన కాగితం చిరిగి మధ్యలో ఉండిపోయిందన్నమాట. బావ చటుక్కున పిడికిలి మూసేశాడు. మూత బిగించి తాళం తిప్పించేసరికి కారు ఒక్క దగ్గు దగ్గి అంటుకుంది.

"ఇంతకీ ఏమైందయ్యా?" అన్నారు మాస్టారు.

"పాతకాలపు పాయింట్లు కదండీ. వాటికవే మురికి పట్టి ఉంటాయి."

బావమరిదికి ఇంతకాలానికి అవకాశం దొరికింది. "చూశావా బావా, అనుకున్నావా?"

"అనుకున్నాన్రా" అన్నాడు బావ, పిడికిలి ప్యాంటు జేబులో దాచుకుంటూ. "నువ్వెళ్ళి కొట్టు చూసుకో."

బావమరిది కొట్టు వైపు రెండడుగులు వేసి ఆగాడు. ఎవరి మీదా ఊరికే నింద పడకూడదనే ఈ మనిషి అందర్నీ అంతలా వేధిస్తాడని అతనికి అప్పుడు తట్టింది. తీరా నిజం చూశాక, ఒక పెద్దాయన పరువు కోసం దాన్ని జేబులో వేసుకున్నాడు. బావ మీద కోపం పెంచుకోవడం ఇక కష్టమేననిపించింది.

ఈలోగా మాస్టారు జేబులోంచి గ్రాఫు కాగితం తీశారు. దాని మూల చిరిగి ఉంది. దాన్ని కాసేపు చూసి, మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"నువ్వు అనుకున్నావు బాబూ, నేను చూశాను" అన్నారు. తర్వాత కోడలి వైపు తిరిగారు. "తప్పు నాదేనమ్మా. నిన్ను ఊరికే అన్నాను. ఇంటిదాకా నువ్వే నడుపు" అంటూ వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నారు.

కారు గేటు దాటింది. బావ రోడ్డు మీదికొచ్చి, చేతులు తుడుచుకుంటూ, అటే చూస్తూ నిలబడ్డాడు.

"బాగానే నడుపుతుందిలే బావా, లోపలికి రా."

"చూశావా, అనుకున్నావా?" అన్నాడు బావ, కారు మలుపు తిరిగేదాకా అక్కణ్ణించి కదలకుండా.